రెండు జాతుల చిత్రకారుడు మౌరిత్సీ గాట్లీబ్

యూరప్ చిత్రకళ చరిత్రను తిరగవేసే విద్యార్థికి పందొమ్మిదవ శతాబ్దానికి ముందు యూదు చిత్రకారుల పేర్లు బహు అరుదుగా తారసపడతాయి. దీనికి కారణం వారి ధర్మశాస్త్రంలోనే ఉన్నదని సాధారణంగా చెబుతారు. మోషేకు దైవం అనుగ్రహించినట్లు చెప్పే పది ఆజ్ఞలలో ఒకటి విగ్రహాలను చేయరాదనీ, వాటికి మొక్కరాదనీ శాసిస్తుంది. కాని ఇది పూర్తి సమాధానం కాదు. సిరియా ఎడారిలోని దురా యూరోపోస్ అనే శిథిలనగరంలో 1932లో బయటపడిన మూడవ శతాబ్దపు యూదు ప్రార్థనా మందిరంలో గోడల నిండా పురాణగాథల చిత్రాలున్నాయి. మధ్యయుగంలో స్పెయిన్ యూదులు వ్రాయించుకున్న ప్రార్థనా గ్రంథాలలో రంగురంగుల బొమ్మలున్నాయి. బొమ్మ గీయడం యూదులకు తెలియని విద్య కాదు. చిత్రకారుల శ్రేణులలో వారికి ప్రవేశం లేదు. చిత్రాలు వ్రాయించుకునే పోషకులు ముఖ్యంగా క్రైస్తవ దేవాలయాలూ, రాజాస్థానాలూ. ఆ రెండు వాకిళ్ళూ యూదులకు మూసి ఉన్నాయి. అందువల్ల చిత్రాలలో యూదుడు కనిపించినా, గీసిన చేయి మాత్రం యూదునిది కాలేదు. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో యూదుల పేట నడుమ నివసించిన రెంబ్రాంట్ తన ఇరుగుపొరుగువారిని ఎంతో ఆదరంతో చిత్రించాడు. అయినా అది పొరుగువాని చూపే.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ పరిస్థితి మారింది. పశ్చిమ, మధ్య యూరప్ దేశాలు ఒక్కొక్కటిగా యూదులకు పౌరహక్కులు ఇస్తూ వచ్చాయి. చిత్రకళాశాలల తలుపులు తెరుచుకున్నాయి. జర్మనీలో మోరిట్జ్ ఒపెన్‌హైమ్ యూదు కుటుంబాల పండుగలనూ, గృహజీవితాన్నీ చిత్రించి పేరుపొందాడు. ఆ మార్గంలో తరువాతి తరానికి చెందినవాడు మౌరిత్సీ గాట్లీబ్. అతడు బ్రతికినది ఇరవై మూడు సంవత్సరాలు. కుంచె పట్టి శ్రద్ధగా పనిచేసినది ఏడెనిమిది సంవత్సరాలకు మించదు. ఆ స్వల్పకాలంలోనే అతడు తన ముఖాన్నే అనేక వేషాలలో, అనేక సందర్భాలలో గీసుకుంటూ ఒకే ప్రశ్నను మరల మరల వేసుకున్నాడు. ఒక మనిషి రెండు సమాజాలకు చెందినప్పుడు, రెండింటిలోనూ తనవాడుగా ఉండగలడా అన్నదే ఆ ప్రశ్న.

గాట్లీబ్ 1856 ఫిబ్రవరిలో ద్రోహోబిచ్ పట్టణంలో జన్మించాడు. ఆ పట్టణం నేడు ఉక్రెయిన్‌లో ఉన్నది. అప్పుడది ఆస్ట్రియా సామ్రాజ్యంలోని గలీషియా ప్రాంతానికి చెందినది. అంతకుముందు అది పోలెండ్ రాజ్యభాగం. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు 1772 మొదలు 1795 వరకు మూడు విడతలుగా పోలెండ్‌ను పంచుకొనగా, ఆ దేశం పటం మీద నుంచి పూర్తిగా అదృశ్యమైపోయింది. 1918లో గాని తిరిగి వెలువడలేదు. కనుక గాట్లీబ్ జీవించిన కాలంలో పోలెండ్ ఒక భాషగా, ఒక సాహిత్యంగా, ఒక జ్ఞాపకంగా ఉన్నదే తప్ప రాజ్యంగా లేదు. పరాయి ప్రభుత్వం క్రింద ఉండి జాతీయభావాన్ని కాపాడుకున్న మనకు ఈ స్థితి సులభంగానే అర్థమవుతుంది. ద్రోహోబిచ్‌లో పోలిష్ వారు, ఉక్రేనియన్లు, యూదులు కలిసి నివసించేవారు. ఒకే వీధిలో పోలిష్, ఉక్రేనియన్, యిడ్డిష్, జర్మన్ భాషలు వినిపించేవి. ఆ చుట్టుపక్కల నేల నుంచి ముడిచమురు తీసేవారు. గాట్లీబ్ తండ్రి చమురుశుద్ధి వ్యాపారంలో ధనం గడించిన యూదు గృహస్థు. సంప్రదాయాన్ని విడువకుండానే కొత్త కాలపు విద్యను పిల్లలకు చెప్పించిన ఇల్లు అది.

ల్వోవ్ నగరంలో చిత్రలేఖనానికి ఓనమాలు దిద్దుకుని, పదహారేళ్ళ ప్రాయంలోపే గాట్లీబ్ వియన్నా కళాశాలలో చేరాడు. అప్పటికి క్రాకో నగరంలో యాన్ మతేయ్‌కో పేరు మారుమ్రోగుతున్నది. రాజ్యం కోల్పోయిన పోలిష్ ప్రజలకు వారి గతచరిత్రను పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాలలో కళ్ళకు కట్టించిన మహాచిత్రకారుడు ఆయన. 1873లో క్రాకో లలితకళా పాఠశాలకు అధిపతి అయ్యాడు. గాట్లీబ్ వియన్నాను విడిచి ఆయన శిష్యుడుగా చేరాడు. 1874లో గీసుకున్న స్వరూపచిత్రంలో అతడు పోలిష్ ప్రభువుల సంప్రదాయ వేషంలో దర్శనమిస్తాడు. యూదు వర్తకుని కుమారుడు పోలిష్ కులీనుల అంగీ ధరించడమంటే, ఈ చరిత్ర నాది కూడా అని ప్రకటించడమే. తోటి విద్యార్థులలో కొందరికి ఇది రుచించలేదు. యూదుడైన కారణంగా అవమానం ఎదురుకాగా గాట్లీబ్ కొద్ది మాసాలలోనే క్రాకో విడిచి వియన్నాకు వెళ్ళిపోయాడు. ఆస్ట్రియా శాసనం 1867లోనే పౌరులందరికీ సమానహక్కులు ఇచ్చి ఉన్నది. కాని శాసనం మారినంత తొందరగా తరగతిగది మారలేదు.

ఈ సంఘటన తరువాత గాట్లీబ్ పోలిష్ జాతిని ద్వేషించి ఉంటే అతని కథ ఇంత ఆసక్తికరంగా ఉండేది కాదు. అతడు చేసినది వేరు. యూదుల చరిత్రను శ్రద్ధగా చదివాడు. హైన్రిఖ్ గ్రేట్జ్ అనే జర్మన్ యూదు పండితుడు రచించిన బృహత్ చరిత్రగ్రంథం అతనిపై గాఢమైన ముద్ర వేసింది. తాను పోలిష్ వాడనీ, యూదుడనీ, రెంటికొరకూ శ్రమించదలచాననీ ఒక లేఖలో వ్రాసుకున్నాడు. ఈ సంకల్పం వెలువడినప్పుడు అతడు ఇంకా ఇరవై ఏళ్ళ వయసులో ఉన్న యువకుడు.

తరువాత మ్యూనిక్ నగరంలో కార్ల్ ఫాన్ పిలోటీ వద్ద విద్య కొనసాగింది. 1876లో గీసుకున్న మరొక స్వరూపచిత్రానికి గాట్లీబ్ అహస్వేరుస్ అని పేరు పెట్టాడు. చీకటి నేపథ్యంలో నుంచి ముఖం ఒక్కటే వెలుగులోకి వస్తుంది. తలపై సన్నని బంగారు కిరీటం. కన్నులలో మాత్రం రాజసం కాదు, విచారం. ఈ పేరులో రెండర్థాలున్నాయి. యూరప్ జానపద గాథలో అహస్వేరుస్ అంటే శాపవశాన ఎక్కడా నిలువనీడ లేక లోకమంతా తిరిగే యూదుడు. యూదుల ధర్మగ్రంథంలో ఎస్తేరు కథలోనేమో అహస్వేరుస్ ఒక పారశీక చక్రవర్తి. అతని రాజ్యం భారతదేశం మొదలు ఇథియోపియా దాకా వ్యాపించినదని ఆ కథ ఆరంభంలోనే ఉన్నది. మన దేశం పేరు ఆ గ్రంథంలోకి ప్రవేశించినది ఇక్కడే కావడం గమనించదగిన ముచ్చట. నిలువనీడ లేనివాడు, చక్రవర్తి - ఇద్దరినీ ఒకే ముఖంలో చూపాడు గాట్లీబ్. రెండేళ్ళ క్రిందటి ప్రభువు వేషంతో ఈ కిరీటాన్ని పోల్చి చూస్తే, మధ్యలో జరిగినదేమిటో చెప్పనక్కరలేదు.

అదే ఏడు షేక్‌స్పియర్ నాటకం ఆధారంగా అతడు వ్రాసిన ‘షైలాక్, జెస్సికా’ చిత్రానికి మ్యూనిక్‌లో బంగారుపతకం లభించింది. వెనిస్ వర్తకుని కథ మన విద్యార్థులకు పాఠ్యపుస్తకాల ద్వారా పరిచితమే. షైలాక్ అనగానే మాంసఖండం కోసం కత్తి నూరే వడ్డీవ్యాపారి మన మనస్సులో మెదులుతాడు. గాట్లీబ్ న్యాయస్థానం జోలికి పోలేదు. రెండవ అంకంలోని ఇంటి ఘట్టాన్ని తీసుకున్నాడు. విందుకు బయలుదేరుతూ షైలాక్ తన కుమార్తెకు ఇంటి తాళాలు అప్పగిస్తాడు. ఆ రాత్రే ఆమె ప్రియునితో వెళ్ళిపోనున్నదని ఆ తండ్రికి తెలియదు. చూసేవానికి తెలుసు. నాటకంలోని మాట ఒక్కటి కూడా మార్చకుండా, ఘట్టాన్ని ఎంచుకొనడం ద్వారానే చిత్రకారుడు క్రూరుణ్ణి మోసపోనున్న తండ్రిగా మార్చివేశాడు. చిత్రకళలో విషయాన్ని ఎన్నుకోవడమే సగం వ్యాఖ్యానం అని బోధించడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

జెస్సికా ముఖానికి ఆధారం వియన్నాలో అతడు ప్రేమించిన లారా రోసెన్‌ఫెల్డ్. 1877లో ఆమె రూపచిత్రాన్ని కూడా అతడు వ్రాశాడు. వారి వివాహనిశ్చయం నిలువలేదు. ఆమె తరువాత బెర్లిన్‌కు చెందిన ఒక ధనికుని వివాహమాడింది. ఆ ముఖం మాత్రం అతని చిత్రాలను విడువలేదు. జర్మన్ రచయిత లెస్సింగ్ 1779లో వ్రాసిన ‘వివేకి నాథన్’ నాటకానికి బొమ్మలు వేయమని మ్యూనిక్ ప్రచురణకర్త ఒకరు కోరగా, గాట్లీబ్ ఉత్సాహంగా పూనుకున్నాడు. జెరూసలేంలో సుల్తాను సలాదిన్, మూడు మతాలలో ఏది సత్యమని నాథన్ అనే యూదు వర్తకుణ్ణి ప్రశ్నిస్తాడు. నాథన్ దానికి సూటిగా జవాబివ్వక, ఒక తండ్రి తన ముగ్గురు కుమారులకూ ఒకే తీరున ఉన్న మూడు ఉంగరాలు ఇచ్చిన కథ చెబుతాడు. నాథన్ పెంచిన కుమార్తె పుట్టుకచేత క్రైస్తవురాలు. ప్రయాణం నుంచి తిరిగివచ్చిన నాథన్‌కు ఆమె ఎదురేగే దృశ్యాన్ని గాట్లీబ్ చిత్రించాడు. షైలాక్ కుమార్తె తండ్రిని విడిచిపోతుంది. రక్తసంబంధం లేని ఈ కుమార్తె తండ్రి కోసం పరుగెత్తివస్తుంది. రెండు చిత్రాలనూ ప్రక్కప్రక్కన చూడవలెను.

గాట్లీబ్ పేరు నిలబెట్టిన చిత్రం 1878లో వియన్నాలో పూర్తయింది. ‘యోమ్ కిప్పుర్ నాడు ప్రార్థనా మందిరంలో యూదులు’ అన్నది దాని విషయం. యోమ్ కిప్పుర్ అంటే ప్రాయశ్చిత్త దినం. యూదుల సంవత్సరంలో అత్యంత పవిత్రమైన రోజు. ఒక సూర్యాస్తమయం మొదలు మరుసటి రాత్రి పడేవరకు నిరాహారులై, నీరు కూడా ముట్టక ప్రార్థనలో గడుపుతారు. రాబోయే సంవత్సరంలో ఎవరు జీవిస్తారో, ఎవరు మరణిస్తారో దైవసన్నిధిలో ఆనాడు ముద్రపడుతుందని వారి విశ్వాసం. తెల్లని ప్రార్థనా శాలువాలు కప్పుకుని పురుషులు క్రింద, స్త్రీలు మేడపై వేరుగా ఉంటారు. కొచ్చిలోని మట్టాంచేరిలో 1568లో నిర్మించిన పరదేశి సినగాగును దర్శించినవారు స్త్రీలకై ఏర్పరచిన ఇటువంటి మేడను అక్కడ కూడా చూసి ఉంటారు.

సుమారు ఎనిమిది అడుగుల ఎత్తు, ఆరున్నర అడుగుల వెడల్పు ఉన్న ఈ చిత్రంలో జనసమూహం ఉన్నా, గుంపు లేదు. ప్రతి ముఖమూ విడిగా ఒక రూపచిత్రం. ఒకరు గ్రంథంలో మునిగి ఉన్నారు, ఒకరు అలసి ఉన్నారు, ఒకరి మనస్సు ఎక్కడో ఉన్నది. మతేయ్‌కో చారిత్రక చిత్రాలలో నేర్చిన పాఠం ఇక్కడ ఫలించింది. అయితే అక్కడ రాజులూ, యుద్ధాలూ. ఇక్కడ ఉపవాసంతో నీరసించిన చిన్నపట్టణపు మనుషులు. నడుమ ఒక వృద్ధుడు పవిత్ర గ్రంథమైన తోరా చుట్టను పట్టుకుని ఉన్నాడు. ఆయనకు సమీపంలో చేతికి తల ఆన్చి నిలిచిన యువకుడు చిత్రకారుడే. చుట్టూ ఉన్న తెలుపు మధ్య అతని శాలువా ఒక్కటే వర్ణశోభితంగా ఉంటుంది. ఎవరి ముఖమూ అతనివైపు లేదు. జాగ్రత్తగా వెదికితే అతడు మరి రెండుచోట్ల కనిపిస్తాడు: మెడలో పతకం వేసుకున్న చిన్నబాలుడుగా ఒకసారి, ఎదిగే వయస్సు కుర్రవానిగా మరొకసారి. మేడపైన స్త్రీల నడుమ లారా ముఖం రెండుసార్లు ఉన్నది. ఒకే ప్రార్థనలో ఒక జీవితకాలం అంతా చేరిపోయింది.

ఈ చిత్రాన్ని చూసినవారిని ఉలికిపాటుకు గురిచేసేది మరొకటి. తోరా చుట్టకు తొడిగిన వస్త్రంపై హీబ్రూ అక్షరాలు కుట్టినట్లు వ్రాసి ఉన్నాయి. కీర్తిశేషుడైన మోషే గాట్లీబ్ స్మృత్యర్థం సమర్పితమైనదని వాటి భావం, సంవత్సరం 1878. మౌరిత్సీకి యూదు సంప్రదాయంలోని పేరు మోషే. ఇరవై రెండేళ్ళ యువకుడు జీవించి ఉండగానే తనను మృతునిగా వ్రాసుకున్నాడు. మరుసటి ఏడే అతడు మరణించడంతో, ఇది భవిష్యద్వాణి అని చాలామంది వ్రాశారు. అంత దూరం వెళ్ళనక్కరలేదు. మరణించిన ఆత్మీయుల పేర తోరాకు వస్త్రం సమర్పించడం యూదులలో ఆచారం. యోమ్ కిప్పుర్ నాడు మృతులను తలచుకుని ప్రార్థించడం ఆచారం. జీవనమరణాలు నిర్ణయమయ్యే రోజున తన పేరును ఆ వస్త్రంపై ఉంచడంలో విషాదం ఉన్నమాట నిజమే. కాని అంతకుమించి ఒక కోరిక ఉన్నది. కళాశాలలు తిరిగి, నగరాలు తిరిగి, సంప్రదాయ జీవనానికి దూరమైన ఆ యువకుడు తన పట్టణపు మందిరంలో తన పేరు నిలిచి ఉండాలని కోరుకున్నాడు. అందుకు ఆచారం చూపే మార్గం అది ఒక్కటే.

ఇదే కాలంలో గాట్లీబ్ మరొక సాహసం చేశాడు. యేసు జీవితం నుంచి రెండు పెద్ద చిత్రాలు ప్రారంభించాడు. ఒకటి యేసును న్యాయవిచారణకు నిలిపిన ఘట్టం; రెండవది కపెర్నహూము పట్టణపు సినగాగులో యేసు ఉపదేశించే ఘట్టం. యేసు అక్కడ విశ్రాంతి దినాన బోధించినట్లు మార్కు సువార్త చెబుతున్నది. శతాబ్దాలుగా క్రైస్తవ చిత్రకారులు యేసును ఒక రకంగానూ, ఆయనకు ఎదురుగా యూదులను మరొక రకంగానూ గీస్తూ వచ్చారు. గాట్లీబ్ చిత్రంలో యేసు తలపై యూదుల ప్రార్థనా శాలువా ఉన్నది. ఉపదేశపీఠంపై నిలిచిన ఆయన, వింటున్నవారూ ఒకే జాతివారని చూడగానే తెలుస్తుంది. వారిమధ్య ఒక రోమనుడు కూడా కూర్చుని వింటున్నాడు. ఏ కథను చెప్పి యూదులను తరతరాలుగా నిందించారో, ఆ కథలోనే యూదునికీ క్రైస్తవునికీ మధ్య ఉన్న చుట్టరికాన్ని గాట్లీబ్ వెదికాడు. ఇది ఎంత ప్రమాదకరమైన విషయమో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. 1879లో మాక్స్ లీబర్‌మన్ అనే జర్మన్ యూదు చిత్రకారుడు పన్నెండేళ్ళ యేసును ఒక సామాన్య యూదు బాలునిగా గీసి మ్యూనిక్‌లో ప్రదర్శించాడు. పెద్ద గగ్గోలు పుట్టింది. బవేరియా శాసనసభలో చర్చ జరిగింది. చివరకు ఆ బాలుని రూపాన్ని ఆయన మార్చి గీయవలసివచ్చింది.

గాట్లీబ్ చిత్రాలకు అట్టి పరీక్ష ఎదురుకాలేదు, అవి పూర్తికాలేదు. 1878 చివర అతడు రోమ్ చేరాడు. అక్కడ మతేయ్‌కో గౌరవార్థం పోలిష్ కళాకారులు జరిపిన విందులో గురుశిష్యులు తిరిగి కలుసుకున్నారు. పాత చేదు మరుగునపడింది. మతేయ్‌కో పిలుపుపై గాట్లీబ్ అయిదేళ్ళ క్రిందట విడిచివెళ్ళిన క్రాకోకే తిరిగివచ్చాడు. పోలెండ్‌లోని యూదుల చరిత్రను చిత్రాలుగా వ్రాయాలన్న ఆలోచన అప్పటికి అతని మనస్సులో ఉన్నది. అంతలో గొంతుకు సంబంధించిన వ్యాధి ముదిరి, 1879 జూలై 17న అక్కడే మరణించాడు. ప్రేమవైఫల్యమే మృత్యువుకు కారణమని తరువాత కథలు అల్లుకున్నాయి. చిత్రకారుల జీవితాలకు ఇటువంటి అలంకారాలు తప్పవు కాబోలు. క్రాకోలో మియోదోవా వీధిలోని యూదుల శ్మశానవాటికలో అతని సమాధి ఉన్నది.

గాట్లీబ్ మిగిల్చిన రచనలు, రేఖాచిత్రాలతో కలిపి, సుమారు మూడువందలని లెక్క. వాటిలో అన్నీ ఒక స్థాయివి కావు. కొన్ని విద్యార్థి అభ్యాసాలు, కొన్ని నాటకరంగపు ఆర్భాటాలు. కాని సోదరి అన్నా రూపచిత్రం వంటివి చూసినప్పుడు ఆ చేయి ఎంత నిగ్రహం సంపాదించిందో బోధపడుతుంది. ముదురు నేపథ్యం, ముఖంపై వెచ్చని వెలుతురు, వేషానికంటె చూపుకు ప్రాధాన్యం - రెంబ్రాంట్ వద్ద నేర్చిన ఈ పద్ధతిని అతడు తన ఇంటివారిపై ప్రయోగించాడు. అతని తమ్ముడు లియోపోల్డ్ కూడా చిత్రకారుడై, 1934లో పారిస్‌లో మరణించాడు. ద్రోహోబిచ్ పట్టణమే ఎఫ్రాయిమ్ మోజెస్ లిలియన్ అనే చిత్రకారునికీ, రచయిత, చిత్రకారుడు బ్రూనో షుల్జ్‌కూ జన్మస్థలం. 1942 నవంబరులో షుల్జ్‌ను ఆ పట్టణపు వీధిలోనే నాజీలు కాల్చి చంపారు. గాట్లీబ్ గీసిన మందిరంలో కూర్చున్నవారి మనుమలు, మునిమనుమలు ఆ సంవత్సరాలలో దాదాపుగా తుడిచిపెట్టుకుపోయారు.

నేడు గాట్లీబ్ చిత్రాలు రెండు దేశాలలో ప్రధానంగా ఉన్నాయి. పోలిష్ కళాచరిత్రకారులు అతనిని మతేయ్‌కో శిష్యపరంపరలో చేర్చుకుంటారు. యూదు చరిత్రకారులు తమ ఆధునిక చిత్రకళకు ఆద్యులలో ఒకనిగా లెక్కిస్తారు. ‘అహస్వేరుస్’ క్రాకో జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నది. యోమ్ కిప్పుర్ చిత్రం 1955లో ఒక దాత ద్వారా టెల్ అవీవ్ కళాప్రదర్శనశాలకు చేరింది. యేసు చిత్రాలు రెండింటిలో న్యాయవిచారణ జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలోనూ, కపెర్నహూము ఉపదేశం వార్సా జాతీయ ప్రదర్శనశాలలోనూ, అసంపూర్తిగానే, గోడలపై వ్రేలాడుతున్నాయి.